పత్తిని చూసి పారిపోయినదాన్ని

సహోదరులారా, సహోదరీలారా, ఈ కోతల పండుగనాడు మీరంతా తెచ్చి దేవుని సన్నిధిలో పోసిన ఈ పత్తి కుప్ప పక్కన నేను నిలబడి మాట్లాడుతున్నానంటే నాకే నమ్మబుద్ధి కావడం లేదు! బయటి ఊళ్ళనుంచి వచ్చినవాళ్ళకు ఇందులో వింత ఏముందో తెలియదు. కప్పగల్లువాళ్ళకు తెలుసు. ఇదే చర్చిలో, ఇదే పండుగనాడు, ఇలాంటి కుప్పనే చూసి నేను కేక పెట్టి, కొంగు జారిపోయినా చూసుకోకుండా, అడ్డం వచ్చినవాళ్ళను తోసేసి బయటికి పరుగెత్తాను. అప్పుడు నాకు ఏడో నెల కడుపు.

అవునండీ, నేను పత్తికి భయపడినదాన్ని. పాముకు భయపడితే లోకం జాలిపడుతుంది, పత్తికి భయపడితే నవ్వుతుంది. మీరూ నవ్వండి, ఇప్పుడు నేనేమీ అనుకోను. ఆ రోజుల్లో మాత్రం ఆ నవ్వు విని ఎక్కడికైనా పోయి చచ్చిపోదామా అనిపించేది!

నేను పుట్టి పెరిగింది సండూరు కొండల కింద, బండ్రిలో. మాది ఎర్రనేల, జొన్నా సజ్జా పండేవి, పత్తిచేను ఎక్కడో దూరాన ఒకటి కనబడితే నేను ఇంకో దారి పట్టుకుని పోయేదాన్ని. పరుపులున్న ఇంటివాళ్ళం కాము, బొంతల మీద పడుకునేవాళ్ళం, కాబట్టి దూదితో నాకు పనే పడలేదు, నా భయం సంగతి మా నాయనకు కూడా తెలియలేదు. విశ్వాసుల కుటుంబమని, పిల్లవాడు నెమ్మదస్థుడని నన్ను ఈ నల్లరేగడిలోకి ఇచ్చాడు. కొత్త పెళ్ళికూతురుగా బస్సులో వస్తున్నాను, కుడతిని దాటిందో లేదో ముందర వరసగా పత్తి బండ్లు, వాటి వెనక మా బస్సు ఎద్దులతో సమానంగా నడుస్తోంది, రెండు పక్కలా చూడబోతే చేలన్నీ తెల్లగా! నేను కళ్ళు గట్టిగా మూసుకుని మా ఆయన భుజంలో ముఖం దాచుకున్నాను. ఆయన పేరు ఏసురత్నం. బస్సు పడలేదేమో అనుకుని, పాపం, నిమ్మకాయ తీసి నా చేతిలో పెట్టాడు.

మన ఊళ్ళో పత్తి తీసినవాళ్ళకు కూలి పత్తిలోనే ఇస్తారు కదా, ఆ పత్తి సేటు బండి వచ్చేదాకా మన ఇళ్ళల్లోనే మూలన పడి ఉంటుంది కదా, అది నాకు తెలియదు! అత్తగారింట్లో అడుగుపెట్టానో లేదో, గడప లోపల, మంచం పక్కన, మనిషంత ఎత్తున అది కనబడింది. గొంతు పట్టేసింది, గుండె రోట్లో రోకలి పడినట్టు కొట్టుకుంది, అరచేతులు తడిసిపోయాయి, కాళ్ళు నావి కానట్టయ్యాయి. అది పత్తేనని, నన్నేమీ చేయదని నాకు తెలుసు! తెలిసి కూడా ఒళ్ళు మాట వినదు. ఎంత విడ్డూరమో చూడండి, నా బుద్ధి ఒకటి చెబుతుంటే నా ఒళ్ళు ఇంకొకటి చేస్తోంది.

మా అత్త పేరు సంతోషమ్మ. పేరులో ఉన్నది ముఖంలో వెతికినా దొరికేది కాదు. చేనికి రానన్న మొదటి రోజే నడుం మీద చెయ్యి పెట్టుకుని అడిగింది: "ఏమే, ఎవుర్ని మోసం చేస్తాండావు? ఆడలేక మద్దెల ఓడన్నట్ల, పని చేతగాక పత్తి మీద పెడతాండావు. సాలు, ఇంక నీ నాటకాలు సాలు!"

మా ఆయన మాత్రం ఒక్క మాట అనలేదు. పత్తి మీద గోనెపట్టాలు కప్పేవాడు, వంటిల్లు వేరుచేసి తడిక కట్టాడు, కూలి పత్తిని పక్కింట్లో దాచాడు. ఆ ప్రేమే నా భయానికి మేత అవుతోందని మా ఇద్దరికీ తెలియదు. పోను పోను పత్తి కనబడకపోయినా, గోనెపట్టా కనబడితే చాలు, చెమటలు పట్టేవి. నేను రోజూ మోకాళ్ళ మీద పడి ప్రార్థన చేసేదాన్ని: "ప్రభువా, నువ్వు సముద్రాన్నే రెండుగా చీల్చినోనివి, ఈ పత్తిని నా కండ్ల ముందర నుంచి తీసెయ్ సామీ, లేదంటే నన్నే తీసుకపో!" దేవుడు రెండిట్లో ఏదీ చేయలేదు. నల్లరేగడిలో కూర్చుని పత్తిని తీసెయ్యమని అడిగితే ఆయన మాత్రం ఏం చేస్తాడు!

ఆ సంవత్సరం కోతల పండుగకు ఒక ప్రసంగి బయటినుంచి వచ్చాడు. ఆయన పేరు చెప్పను, ఆయన ఉద్దేశం మంచిదే. మీరు తొలి పత్తి తెచ్చి ఇక్కడ పోస్తున్నారు, పాట పాడుతున్నారు, నేను కేక పెట్టి పరుగెత్తాను. ఆయన బల్ల గుద్ది అన్న మాట ఈ ఊరు ఇంకా మరిచిపోలేదు: "దేవునికిచ్చిన అర్పణను చూసి పారిపోయేది మనిషి కాదు, దాని లోపల ఉన్నది!" ఆ ఒక్క మాటతో నేను సోమరి కోడలినుంచి దయ్యం పట్టినదాన్ని అయిపోయాను. పత్తి పంట దేవుడిది, దాన్ని చూసి పారిపోయింది కాబట్టి లోపల సాతాను. లెక్క ఎంత సులభంగా తేలిపోయిందో!

నన్ను పట్టుకొచ్చారు. కుప్ప పక్కన కూర్చోబెట్టి, తలుపు వేసి, చేతులు రెండూ పట్టుకుని, దోసిళ్ళతో పత్తి తీసి నా ఒడిలో, నా తల మీద, నా మెడ మీద పోశారు. ప్రార్థన చేస్తూనే పోశారు, ఏడుస్తూనే పోశారు, నా మీద ప్రేమతోనే పోశారు! నేను అరిచిన కొద్దీ దయ్యం అరుస్తోందని ఇంకా గట్టిగా పాడారు. ఆ పైన నాకు తెలియదు. కళ్ళు తెరిచేసరికి మన పాస్టరయ్య నా తల మీద నీళ్ళు చల్లుతున్నారు. కడుపులో బిడ్డ కదలడం లేదు. కాసేపటికి కదిలింది. ఆ మధ్యలో నేను దేవుడితో ఏం మాట్లాడానో ఇక్కడ చెప్పలేను.

దయ్యం పోలేదు, భయం రెండింతలైంది. చర్చి గంట వినబడితే ఒళ్ళు చల్లబడిపోయేది. దేవుని ఇంటికి కూడా దూరమయ్యాను కదా అని కుమిలిపోయాను.

నెలలు నిండాక పాస్టరయ్య తనే బండి కట్టించి బళ్ళారిలో మిషన్ ఆస్పత్రికి పంపించారు. ఆడపిల్ల పుట్టింది, రూతు అని పేరు పెట్టుకున్నాము. బిడ్డ బొడ్డు దగ్గర చీము పట్టింది, రోజూ తుడవాలన్నారు. నేను బిడ్డను ఒడిలో పెట్టుకుని మంచం అంచున కూర్చున్నాను. నర్సమ్మ పళ్ళెం తెచ్చింది. పళ్ళెంలో దూది.

సహోదరీలారా, తల్లులైనవాళ్ళు వినండి. నేను రెండు చేతులూ పైకెత్తేశాను! బిడ్డ ఒడిలో ఉందన్న సంగతి నా చేతులకు గుర్తు లేదు! బిడ్డ జారిపోయింది, కింద బండలు, పక్కనే కూర్చున్న మా అత్త ముందుకు పడి రెండు చేతులతో పట్టుకుంది. ఆమె ఆ రోజు అక్కడ లేకపోతే ఈ సాక్ష్యం లేదు, నేనూ లేను.

మా అత్త బిడ్డను గుండెకు హత్తుకుని నావైపు చూసిన చూపు ఇప్పటికీ నా కళ్ళ ముందు ఉంది. కోపం కాదు, ఆమె కూడా అదిరిపోయింది. "ఇంక బిడ్డను నీ చేతికియ్యను. పాలు తాపు, అంతే," అంది. అట్లాగే చేసింది. పాలకు ఏడిస్తే తెచ్చి ఒడిలో పెట్టి నా భుజాలు రెండూ పట్టుకుని కూర్చునేది, తాగగానే తీసుకుపోయేది. న్యాయమే కదా! నా చేతులను నేనే నమ్మలేనప్పుడు ఆమె ఎట్లా నమ్ముతుంది? కన్నబిడ్డ కళ్ళ ముందు ఉండి కూడా ఎత్తుకునే యోగ్యత లేనిదాన్నైపోయాను.

అప్పుడు ఆ ఆస్పత్రి డాక్టరమ్మ మమ్మల్నిద్దరినీ తన గదికి పిలిచింది. నెల్లూరు వైపు ఆమె, నెమ్మదిగా మాట్లాడుతుంది. దయ్యం మాట మా అత్త ఎత్తింది, పత్తి పోసిన సంగతి కూడా చెప్పింది. డాక్టరమ్మ తల పట్టుకుంది. తర్వాత నన్ను ఒక్కటే అడిగింది: "అమ్మా, దూదిని చూసి నువ్వు మొట్టమొదట ఎప్పుడు భయపడ్డావు?"

అంతవరకు ఆ మాట నన్ను ఎవరూ అడగలేదు! భర్త అడగలేదు, పాస్టరయ్య అడగలేదు, నన్ను నేను కూడా అడిగి చూసుకోలేదు. అడగగానే ఎక్కడినుంచి వచ్చిందో, బండ్రిలో మా ఇంటి వాకిలి నా ముందుకు వచ్చింది. నేను చిన్నపిల్లను. మా అమ్మను చాప మీద పడుకోబెట్టారు. ఆమె ముక్కులో దూది పెట్టారు. చనిపోవడమంటే ఏంటో నాకు తెలియదు, అమ్మకు ఊపిరాడడం లేదని మాత్రం తెలుసు! ఎవరూ చూడకుండా వంగి ఆ దూది లాగేశాను. ఒక పక్కది వచ్చేసింది. అంతలో మా పెద్దమ్మ చూసి, కొట్టి, నన్ను ఈడ్చుకుపోయి అన్నది: "ఎంత పని చేస్తివే! పీనుగు దూది ముట్టినావు, ఇంక మీ యమ్మ నిన్ను గూడా పిలుచుకపోతాది సూడు!"

ఇదంతా చెబుతుంటే నా గొంతు నాకే కొత్తగా వినబడింది. నేను వట్టి పత్తికి ఎక్కడ భయపడ్డాను! తెల్లగా కనబడిన ప్రతిచోటా మా అమ్మ నన్ను పిలవడానికి వచ్చిందని నా ఒళ్ళు అనుకుంటోంది. ఎన్ని ఏళ్ళనుంచో! మా అత్త ముక్కు చీదడం వినబడింది. "అయ్యో నా తల్లీ," అంది. ఆ ఇంటికి వచ్చాక ఆమె నన్ను తల్లీ అనడం అదే మొదలు.

డాక్టరమ్మ అప్పుడు విడమరిచి చెప్పింది. దీన్ని ఫోబియా అంటారట. కొందరికి నీళ్ళంటే, కొందరికి మెరుపంటే, కొందరికి మూసిన గది అంటే ఇట్లాగే అవుతుందట. "ఇది దయ్యం కాదు, పిచ్చి కాదు, నీకు విశ్వాసం తక్కువై వచ్చిందీ కాదు. ఇంట్లో దొంగ లేకపోయినా కుక్క మొరుగుతుంది చూడు, అట్లాంటిది. కుక్కను చంపలేము, దానికి నేర్పించాలి. నువ్వు పారిపోయిన ప్రతిసారీ కుక్క ఏమనుకుంటుంది? నేను మొరిగాను కాబట్టే బతికాము అనుకుంటుంది. అందుకే రోజురోజుకూ ఎక్కువ మొరుగుతుంది," అంది. గోనెపట్టాలూ తడికా గుర్తొచ్చి నేను తల వంచుకున్నాను.

"మందు ఇస్తారా అమ్మా?" అన్నాను. "దీనికి మందు పత్తే," అంది. నేను కుర్చీలోంచి లేచి తలుపు వైపు పోయాను! ఆమె నవ్వి కూర్చోబెట్టింది. "వాళ్ళు చేసింది ఈత రానిదాన్ని బావిలోకి తోయడం. మనది దిగుడు బావి. ఒక్కొక్క మెట్టు దిగుదాం. ఎప్పుడు దిగాలో నువ్వే చెప్పాలి, నిన్ను ఎవరూ తోయరు. నియమం ఒక్కటే, భయం తగ్గకముందు లేచి పోకూడదు." ముందు ఊపిరి నెమ్మదిగా వదలడం, బిగుసుకున్న భుజాలు సడలించడం నేర్పించింది. ఆ పైన మా అత్త వైపు తిరిగి, "ఈ పిల్లకు ఇంట్లో నర్సువి నువ్వే," అంది. మా అత్త బిత్తరపోయింది. పళ్ళెం మోసే నర్సులను చూసింది గానీ తను నర్సవుతుందని ఆమె కలలో కూడా అనుకోలేదు!

సంతవారం సంతవారం డాక్టరమ్మ దగ్గరికి నడిచిపోయేవాళ్ళం, మిగతా రోజులు ఇంట్లోనే చికిత్స. పొద్దు వాలేవేళ మా అత్త పంచలో ఆ కొసన కూర్చునేది. ఒక తొడ మీద నా బిడ్డ, ఇంకో చేతిలో పగిలిన పత్తికాయ ఒక్కటి. నేను ఈ కొసన గోడకు ఆనుకుని కూర్చునేదాన్ని. బిడ్డ దగ్గరికి పోవాలంటే పత్తి దగ్గరికి పోవాలి, వేరే దారి లేదు! అట్లా కూర్చోమని డాక్టరమ్మ చెప్పలేదు, అది మా అత్త సొంత వైద్యం.

"జరగాల్నా?" అనేది.

"వద్దత్తా, ఈ పొద్దుకు వద్దు."

"సరే, ఈడనే ఉంటాలే. నేను యాడికి పోతాండా?" అని ఆకూ వక్కా నోట్లో వేసుకుని, రాగం తప్పిన కీర్తన ఎత్తుకునేది. ఆ రాగం విని నవ్వు ఆపుకోలేక నా భుజాలు వాటంతట అవే సడలిపోయేవి.

ఆ వైద్యంలో నన్ను నిలువునా ఆశ్చర్యపరిచిన సంగతి చెబుతాను వినండి. ఒక రోజు కాయ దగ్గరికి వచ్చింది, చెయ్యి చాపితే అందేంత దగ్గరికి. ఇంక ప్రాణం పోతుంది అనుకున్నాను, పరుగెత్తలేదు. ఊపిరి వదులుతూ, "ప్రభువా, నువ్వు నా పక్కన కూచో, అంతే చాలు," అనుకుంటూ కూర్చున్నాను. భయం పెరిగింది, ఇంకా పెరిగింది, ఆ తర్వాత ఎవరూ ఏమీ చేయకుండానే దిగడం మొదలుపెట్టింది! జ్వరం దిగినట్టు దిగిపోయింది! ఇన్నేళ్ళూ నేను పారిపోకుండా కూర్చుని ఉంటే అది తనంతట తనే పోయేదా? నేను ఏడ్చాను, నవ్వాను, మా అత్త భయపడి బిడ్డను ఇంకా గట్టిగా పట్టుకుంది.

రోజూ ఇట్లా నడవలేదు. కొన్నాళ్ళు వెనక్కే జరిగాను, అలిగి పంచలోకి రాని రోజులూ ఉన్నాయి. ఒక వేలితో ముట్టాను, తర్వాత రెండు వేళ్ళ మధ్య నలిపాను, తర్వాత అరచేతిలో పెట్టుకుని మూశాను. వేసవి వెళ్ళేలోపల బిడ్డకు చెవి కారింది. మా అత్త దూది ఉండ నా ముందు పెట్టి, బిడ్డను తెచ్చి నా ఒడిలో పడుకోబెట్టింది. ఈసారి నా భుజాలు పట్టుకోలేదు. నేను దూది తీసుకుని, వేడినీళ్ళలో తడిపి, నా బిడ్డ చెవిని నా చేతులతో తుడిచాను. "తీసుకోమ్మా, నీ బిడ్డ," అని మా అత్త లోపలికి పోయింది. పోయి ఏడ్చిందని తర్వాత మా ఆయన చెప్పాడు. స్తోత్రం, స్తోత్రం!

మరుసటి పత్తి కాలంలో నేను ఒడి కట్టుకుని చేనులో దిగాను. పాస్టరయ్య గట్టు మీద నిలబడి చూశారు. ఆ ఆదివారం ఆయన ఈ బల్ల దగ్గరే నిలబడి, రోగానికి దయ్యమని పేరు పెట్టనిచ్చినందుకు సంఘమంతా విని ఉండగా నన్ను క్షమించమన్నారు. ఆయన ఇక్కడే కూర్చున్నారు, ఇదంతా చెప్పమని నాకు ధైర్యం ఇచ్చింది ఆయనే.

ఇంక ఒక్క సంగతి చెప్పి కూర్చుంటాను. మా అత్త సంతోషమ్మ మొన్న విత్తనాల కాలంలో ప్రభువు దగ్గరికి పోయింది. పోయేముందు నన్ను దగ్గరికి పిలిచి చెయ్యి పట్టుకుంది. "నా ముక్కులో దూది నువ్వే పెట్టాల. ఇంగెవురూ వద్దు," అంది. ఆ మాట నన్ను భయపెట్టడానికి అనలేదు ఆమె. నువ్వు బాగైనావని నాకు నమ్మకం ఉంది అని చెప్పడానికి ఆమెకు అంతకంటే మంచి మాట దొరకలేదు.

ఆమెను కడిగాము, చాప మీద పడుకోబెట్టాము. నేను దూది తీసుకున్నాను. గుండె ఒక్కసారి ఉలిక్కిపడింది, అబద్ధం చెప్పను. ఆగాను, ఊపిరి వదిలాను, పెట్టాను. లేచి పక్కకు తిరిగేసరికి నా రూతు వంగి ఉంది. దాని చిన్న చెయ్యి అవ్వ ముక్కు దగ్గర ఉంది. దూది లాగబోతోంది.

"అవ్వకు ఊపిరాడదు కదమ్మా!"

సహోదరులారా, నా ఒళ్ళు రాయి అయిపోయింది! అదే వయసు, అదే చాప, అదే చెయ్యి! చుట్టూ ఉన్న ఆడవాళ్ళు హా అన్నారు, ఒకామె కొట్టడానికి చెయ్యి ఎత్తింది. నేను ఆ చెయ్యి పట్టుకుని ఆపాను. నా బిడ్డను ఒడిలోకి తీసుకుని, దాని వేళ్ళను పట్టుకుని, ఆ దూదిని మెల్లగా ముట్టించాను. "అవ్వకు ఇంక ఊపిరి అవసరం లేదమ్మా. ఆమె చచ్చిపోయింది. దేవుని దగ్గర ఉంది. ఇది వట్టి దూది, మన చేనిది. ముట్టుకో, ఏమీ కాదు. అవ్వ నిన్ను పిలవదు, భయపడద్దు," అని చెప్పాను. అది కాసేపు ముట్టుకుని చూసింది. తర్వాత నా ఒడిలోనే పడుకుని అవ్వ కోసం ఏడ్చింది.

ఆ పూట నాకు అర్థమైంది. పత్తిని తీసెయ్యమని నేను ఎన్నో ఏళ్ళు ఏడిస్తే దేవుడు ఎందుకు తీసెయ్యలేదో, నన్ను మెట్టు మెట్టుగా దాని దగ్గరికే ఎందుకు నడిపించాడో. ఆ చాప పక్కన నా బిడ్డకు భయం లేని తల్లి కావాలి కాబట్టి!

ఇక్కడ కూర్చున్నవాళ్ళలో చెప్పుకుంటే నవ్వుతారని ఏదో భయాన్ని కొంగు చాటున దాచుకున్నవాళ్ళు ఉంటారు, నాకు తెలుసు. దాచుకోకండి. మీది పాపమూ కాదు, దయ్యమూ కాదు. ప్రార్థన చేయండి, చేస్తూనే డాక్టరు దగ్గరికి నడవండి, ఆ దారిలో కూడా ప్రభువే మీ పక్కన నడుస్తాడు. ఒంటరిగా పోవడానికి జంకితే నా ఇంటి తలుపు తట్టండి, మా అత్త కూర్చున్నట్టు నేను మీకు ఎదురుగా కూర్చుంటాను, మీరు చెప్పేదాకా ఒక్క అంగుళం జరగను, రాగం తప్పినా కీర్తన పాడతాను.

ఈ కుప్పలో పైన ఉన్న చిన్న మూట చూడండి. అది మా రూతు తీసిన పత్తి. పొద్దున తనే మోసుకొచ్చి, ఇక్కడ విప్పి, రెండు దోసిళ్ళతో పోసి, చేతులు దులుపుకుని ఆడుకోవడానికి పరుగెత్తింది. దేవునికే మహిమ!